టగ్ బోటుకు ఎన్ని మార్కులు?

జూలైలో ఆరో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో 'టగ్' అనే మాట వచ్చింది. అర్థం అడిగితే వెనక బెంచీ అబ్బాయి లేచి, "తాడు లాగే ఆట మిస్, స్పోర్ట్స్ డేకి ఆడాం కదా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, 'ఓడలను లాగే చిన్న పడవ' అని బోర్డు మీద రాసి, పక్కన ఒక బొమ్మ గీశాను. పిల్లలు రాసుకున్నారు. యూనిట్ టెస్టులో దాదాపు అందరికీ ఆ మార్కు వచ్చింది.

నిజం చెప్పాలంటే అప్పటికి నేను కూడా టగ్ బోటును చూడలేదు.

దసరా సెలవుల్లో విశాఖపట్నం వెళ్లినప్పుడు చూశాను. అక్కడ లోపలి హార్బర్‌లోకి వెళ్లాలంటే ఓడలు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నటి దారిలోంచి రావాలి. అంత పెద్ద ఓడ నెమ్మదిగా కదులుతున్నప్పుడు దాని చుక్కాని సరిగ్గా పనిచేయదు. పక్కకు తిరగాలన్నా, ఆగాలన్నా సాయం కావాలి. ఆ సాయమే టగ్. ఒకటి ముందు, ఒకటి వెనక నిలబడి, మన వీధిలో లారీని రివర్స్ చేయించే క్లీనర్‌లా ఓడను లోపలికి తెచ్చాయి. అవి లాగడమే కాదు, నెడతాయి కూడా. ఓడకు గీత పడకుండా టగ్ ముక్కుకు మందపాటి రబ్బరు ఉంటుంది. ఎక్కడ నెట్టాలో తెలియడానికి పెద్ద ఓడల పక్కన 'టగ్' అని రాసి గుర్తు కూడా వేస్తారు. నా బోర్డు మీద బొమ్మలో ఇవేవీ లేవు.

తిరిగొచ్చాక ఇంకొంచెం చదివాను. పాత టగ్‌లు ఆవిరితో నడిచేవి. పొడవాటి పొగగొట్టం, వెనక తాడు తగిలించే కొక్కెం వాటి గుర్తు. ఇప్పటి చాలా టగ్‌లకు అడుగున ఉండే ప్రొపెల్లర్లు చుట్టూ తిరుగుతాయి. అందుకే ముందుకు పోయినంత తేలికగా పక్కకూ పోతాయి. వాటి బలం కొలిచే పద్ధతి మరీ బాగుంది. ఒడ్డున ఓడలు కట్టే గుంజకు టగ్‌ను తాడుతో కట్టి, ఇంజన్‌ను పూర్తి వేగంతో నడుపుతారు. ఎన్ని టన్నుల బలంతో లాగిందో లెక్క రాసుకుంటారు. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ మన నౌకాదళానికి 50 టన్నుల బలంతో లాగే టగ్‌లు కట్టింది.

అంటే అది తాడు లాగే ఆటే! ఆ అబ్బాయి చెప్పినది తప్పు కాదు. నా నిర్వచనం కంటే అదే అసలు విషయానికి దగ్గర. క్లాసులో ఆ మాట చెప్పి, అతనికి సారీ చెప్పాను.

నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు ఓడల సంగతి ఎందుకు అనిపించవచ్చు. మన పొలాలకు నీళ్లిచ్చే కేసీ కెనాల్‌నే చూడండి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తవ్వించింది సాగుకు మాత్రమే కాదు, పడవలు నడపడానికి కూడా. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల నీటి దారి అది. ఆశించిన రాబడి రాక, 1882లో కాలువను ప్రభుత్వం తీసుకుంది.

టగ్ బోటు తొలి అడుగులు పడింది కూడా అలాంటి కాలువలోనే. 1803లో స్కాట్లాండ్‌లో షార్లెట్ డండాస్ అనే ఆవిరి పడవ, 70 టన్నుల పడవలు రెండింటిని ఒక కాలువలో 30 కిలోమీటర్లకు పైగా లాగింది. అయినా అలలకు గట్లు కోసుకుపోతాయని కాలువ వాళ్లు దాన్ని వద్దన్నారు. గట్టు తెగితే ఏమవుతుందో మన రైతు ఇళ్ల పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ కథ చెప్పినప్పుడు క్లాసులో అందరికంటే ముందు చేతులెత్తింది వాళ్లే.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు: "మిస్, ఇది పరీక్షలో వస్తుందా?" రాదు. ఆవిడ అడిగింది తప్పని నేననను. ఫీజు కట్టడం వెనక ఎంత కష్టం ఉంటుందో మా ఇంట్లోనూ చూశాను. కానీ చూడకుండా నేర్చుకున్న మాట పరీక్ష దాకానే ఉంటుంది. జూలైలో మార్కు వచ్చిన పిల్లల్లో చాలామంది దసరా తర్వాత అడిగితే అర్థం చెప్పలేకపోయారు. ఆ తాడు ఆట అబ్బాయి మాత్రం మర్చిపోలేదు.

అందుకే ఈ వేసవికి ఒక్క విన్నపం. విశాఖ గానీ, చెన్నై గానీ వెళ్తే, బీచ్‌లో ఫొటోలు అయ్యాక హార్బర్ కనిపించే చోట ఒక గంట నిలబడండి. పిల్లల చేతికి ఫోన్ బదులు ఒక నోట్‌బుక్ ఇవ్వండి. టగ్ పేరేమిటి, రంగేమిటి, లాగుతోందా నెడుతోందా, పాతదా కొత్తదా, ఒక ఓడకు ఎన్ని వచ్చాయి అన్నవి రాసుకోనివ్వండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లిష్‌లో రాసినా సరే.

ఊరు దాటే వీలు లేకపోతే, కేసీ కెనాల్‌లో పడవల గురించి ఏమైనా విన్నారేమో ఇంట్లో అవ్వాతాతలను అడిగి రాయమనండి. కాలువ చూడటానికి మాత్రం పిల్లలను ఒంటరిగా పంపకండి. పక్కన మీరుండాలి, గట్టు మీదే ఉండాలి.

దీనికి మార్కులు లేవు, పోటీ లేదు, సర్టిఫికెట్ లేదు. జూన్‌లో స్కూల్ తెరిచాక ఆ పేజీలను మా క్లాసు గోడకు అంటిస్తాం. నేను బోర్డు మీద గీసిన తప్పు బొమ్మను మళ్లీ గీసి, వాటి పక్కనే పెడతాను. అందులో ఏమేం లేవో పిల్లలే చెప్పాలి.