గూడెం ధ్రువీకరించాకే బిల్లు

చలికాలం అరకు రోడ్డు మీద పర్యాటకుల కార్లు బారులు తీరుతాయి. ఆ రోడ్డుకు నాలుగైదు కిలోమీటర్ల ఎగువన ఉన్న గూడెంలో పురిటి నొప్పులు మొదలైతే ఇప్పటికీ డోలీ కట్టాల్సిందే. కర్రకు దుప్పటి కట్టి, నిండు చూలాలిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ, వాగులు దాటి మోసుకొస్తారు. 108 వాహనం ఆగే చోటికి చేరేలోపే కాన్పు అయిపోయిన ఉదంతాలూ, ప్రాణాలే పోయిన ఉదంతాలూ మన్యం నుంచి పత్రికలకెక్కుతూనే ఉన్నాయి.

ప్రభుత్వాలు అసలేమీ చేయడం లేదనడం న్యాయం కాదు. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆదిమ తెగల ఆవాసాల కోసం 2023 నవంబరులో కేంద్రం పీఎం జన్‌మన్ ప్రారంభించింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘అడవితల్లి బాట’కు శంకుస్థాపన చేశారు. వెయ్యి కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో వెయ్యి కిలోమీటర్లకు పైగా రోడ్లు వేస్తామన్నారు. మనస్ఫూర్తిగా స్వాగతించాల్సిన పని ఇది. కానీ మన్యంలో రోడ్డు మంజూరు కావడం వేరు, అది గూడెం దాకా చేరడం వేరు. మట్టి తోలి వదిలేసిన పనులు, కల్వర్టు లేక మొదటి వానకే కోసుకుపోయిన బాటలు ఈ కొండలకు కొత్త కాదు. పని ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఆ బాటన నడిచేవాళ్లకు తెలుసు. బిల్లు చెల్లించేటప్పుడు మాత్రం వాళ్లను ఎవరూ అడగరు.

అడిగి తీరాలన్నది ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ రోడ్డుకైనా, నీటి పథకానికైనా, బడి భవనానికైనా చివరి బిల్లు చెల్లించే ముందు ఆ గూడెం గ్రామసభ ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. ఇందుకు పునాది షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టంలోనే ఉంది. తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు నడుపుకునే సముదాయం ఉన్న చిన్న ఆవాసమైనా ఆ చట్టం దృష్టిలో గ్రామమే. అభివృద్ధి ప్రణాళికలను ఆమోదించేది గ్రామసభ. పంచాయతీ ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే. రాష్ట్రంలో ఆ చట్టం అమలుకు నియమావళి 2011లో వచ్చింది. అదే పద్ధతిని ఇంజినీరింగ్ శాఖల పనులకూ వర్తింపజేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

దీనివల్ల పనులు ఆలస్యమవుతాయని అధికారులు అనవచ్చు. కానీ మన్యంలో రోడ్లు ఆగేది ఎక్కువగా అటవీ అనుమతుల దగ్గర. అక్కడ దారి చూపించేది కూడా గ్రామసభే. రోడ్డు, బడి, ఆసుపత్రి వంటి అవసరాలకు హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫార్సుతో మళ్లించే వీలును 2006 అటవీ హక్కుల చట్టం కల్పించింది. సభను పక్కన పెట్టి ఫైళ్లు తిప్పడం కంటే దాన్ని కూర్చోబెట్టడమే త్వరగా తేలే దారి.

అయితే ఆ సభ నిజమైన సభ కావాలి. పంచాయతీ కేంద్రంలో, సంత రోజున, దొరికిన నలుగురితో రిజిస్టరులో వేలిముద్రలు వేయిస్తే అది సభ కాదు. గూడెంలోనే జరగాలి. ఆడవాళ్లు పోడు నుంచి తిరిగొచ్చే వేళకు జరగాలి. కువి, పోర్జ, ఆదివాసీ ఒడియా మాట్లాడే చోట తీర్మానాన్ని ఆ భాషలోనే చదివి వినిపించాలి. ఈ పనిని ఆ ఊళ్ల నుంచే చదువుకుని టీచర్లుగా, సచివాలయ ఉద్యోగులుగా ఉన్న యువతీయువకులు భుజాన వేసుకోవాలి. పౌర బాధ్యత గురించి గిరిజనులకు కొత్తగా బోధించాల్సిందేమీ లేదు. ప్రభుత్వం కోసం ఎదురుచూసి విసిగి, చందాలు వేసుకుని, సొంత చేతులతో కొండ తొలిచి బాట వేసుకున్న గూడేలు ఈ కొండల్లో ఎన్నో ఉన్నాయి. అంత కష్టపడినవాళ్లకు సర్కారు లెక్క చూసే అధికారం ఇవ్వకపోవడం అన్యాయం.

ఈ కొండల జనం అడిగినప్పుడల్లా దేశానికే మేలు జరిగింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజులపై సాగిన పోరాటం వల్లే 1997 జులైలో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వ భూములను లీజుకివ్వడం చెల్లదని తేలింది. 2015లో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకాలకు మళ్లిస్తూ ఇచ్చిన జీవో 97ను మన్యం ఒక్కటై ఎదిరించింది. 2019లో అది రద్దయింది. నేడు పంప్డ్ స్టోరేజి విద్యుత్ ప్రాజెక్టులపై ఇవే కొండల్లో ఆందోళన వినిపిస్తోంది. అక్కడా గ్రామసభ తేల్చకముందు ఒక్క యంత్రం కొండెక్కకూడదు.

షెడ్యూల్డ్ హద్దుకు ఆవల, అనకాపల్లి జిల్లా కొండల మీది గిరిజన గూడేలకు పెసా రక్షణే లేదు. డోలీ మోతలు అక్కడా ఉన్నాయి. వాటిని షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చే ప్రతిపాదనను రాష్ట్రం ఇక ఆలస్యం చేయకుండా ముందుకు నడపాలి. అప్పటిదాకా చివరి బిల్లుకు గ్రామసభ ధ్రువపత్రం అనే నిబంధనను అక్కడి పనులకూ కలిపి ఉత్తర్వు ఇవ్వాలి. ‘అడవితల్లి బాట’ బిల్లుల నుంచే దాన్ని అమలు చేయాలి.