తప్పా? తేడానా?

ఇంగ్లీషు మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందో, ఎవరు నవ్వుతారో అని నోరు విప్పని విద్యార్థులు మన కళాశాలల్లో ఈనాటికీ కొల్లలు. తెలుగు మీడియం నుంచి వచ్చినవారిలో ఈ జంకు మరీ ఎక్కువ. ఇంతకీ మనం నవ్వేవన్నీ తప్పులేనా?

"డౌట్" అన్న మాటే తీసుకోండి. మనకు సందేహం వేరు, అనుమానం వేరు. పాఠం అర్థంకాకపోతే సందేహం. మనిషి మీద నమ్మకం లేకపోతే అనుమానం. ఇంగ్లండులో డౌట్ అనుమానం వైపు మొగ్గుతుంది. మనం దాన్ని సందేహానికి వాడుకున్నాం. అక్కడి ప్రొఫెసరుతో "ఐ హావ్ ఎ డౌట్" అంటే, తన మాట నమ్మడం లేదేమో అని ఆయన నొచ్చుకోవచ్చు. అలాగే "పాస్డ్ ఔట్" అంటే మనకు డిగ్రీ పూర్తయిందని. అక్కడ సైనిక శిక్షణ ముగించినవారి సంగతైతే తప్ప, స్పృహ తప్పిందనే అర్థం.

వ్యాకరణంలోనూ ఇంతే. "నిన్ననే వచ్చాడు" అన్నప్పుడు ఆ "నే"లో ఒక ఊనిక ఉంది. దాన్ని వదులుకోలేక "హీ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ" అంటాం. మన "కదా" ఎవరికైనా, ఏ కాలానికైనా ఒక్కటే. అందుకే "యూ ఆర్ కమింగ్, ఈజింట్ ఇట్?" అని వస్తుంది, అక్కడివారు "ఆరంట్ యూ?" అంటారు. ఇది తెలివితక్కువతనం కాదు, ఇంగ్లీషు వెనుక నిలబడ్డ తెలుగు.

పోనీ, ఆ భాష పుట్టిల్లయినా ఒక్క మాట మీద ఉందా? బ్రిటన్‌లో "టీమ్ ఆర్" అన్నా చెల్లుతుంది. అమెరికాలో "టీమ్ ఈజ్" అనాల్సిందే. బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోర్ అంటే మెట్లెక్కాలి, అమెరికాలో అక్కర్లేదు. ఒక విషయాన్ని "టేబుల్" చేయడమంటే బ్రిటిష్‌వారికి చర్చకు పెట్టడం, అమెరికన్లకు పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద ఇరుదేశాల అధికారులు చాలాసేపు వాదులాడుకున్నారనీ, తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేననీ చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. వారి మధ్య ఉంటే తేడా, మన దగ్గర ఉంటే తప్పా? ఇదెక్కడి న్యాయం!

అలాగని ఏం రాసినా చెల్లుతుందని నా వాదన కాదు. పరీక్షకూ, ఉద్యోగపు దరఖాస్తుకూ, విదేశీ విశ్వవిద్యాలయానికీ అక్కడ చెల్లే ఇంగ్లీషే కావాలి. నేర్చుకుని తీరాలి. అయితే లెక్చరర్లు ఎర్రసిరాతో కొట్టేసి ఊరుకోక, "ఇది మన దగ్గర చెల్లుతుంది, అక్కడ ఇలా అంటారు" అని ఒక్క ముక్క చెబితే విద్యార్థి రెండూ నేర్చుకుంటాడు, జంకూ వదిలించుకుంటాడు.

తెలుగులో మనం చేస్తున్నదేమిటి? పల్లీలు అన్నా, వేరుశనగలు అన్నా, సెనక్కాయలు అన్నా గింజ ఒక్కటే. అయినా హాస్టల్లో ఒక ప్రాంతం యాసను మరో ప్రాంతంవారు వెక్కిరించడం ఆగలేదు. వాడుక భాషకు గౌరవం కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) దశాబ్దాలపాటు పోరాడిన నేల ఇది. ఆ గౌరవం అన్ని ప్రాంతాల వాడుకకూ దక్కాలి.

మిత్రులారా! భాష వచ్చినవాడి గొప్ప ఎదుటివాడి నోరు మూయించడంలో లేదు, మాట్లాడించడంలో ఉంది. తప్పు కనిపిస్తే దిద్దుదాం. తేడా కనిపిస్తే తెలుసుకుందాం. నవ్వడం మాత్రం మానుకుందాం.