చదవవచ్చు, అనువదించరాదు

యూదుల ప్రార్థనలనూ తంతులనూ నాటకంగా మలిచే సంస్థలను ఎవరు నడుపుతున్నారు, ఎలా నడుపుతున్నారు అన్నది మన పత్రికలో చర్చించవలసిన విషయమేనా అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నిజానికి యూదులు మనకు మరీ పరాయివాళ్లేమీ కారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదులున్నారు. వాళ్లది దళిత నేపథ్యం. అయితే నేను ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం అది కాదు. మతం, కళ, స్వచ్ఛంద సంస్థ మూడూ ఒకే కప్పు కింద చేరినప్పుడు అధికారం ఎవరి చేతికి పోతుంది, అందులో స్త్రీలకు ఏం దక్కుతుంది అన్న ప్రశ్నను అమెరికాలోని యూదు బృందాలు యాభై ఏళ్లుగా ఎదుర్కొంటున్నాయి. పాటలు కట్టి, కళాజాతలు నడిపి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్లూ ఆడిట్లూ నెత్తికెత్తుకున్న మనకు వాళ్ల అనుభవం పనికొస్తుంది.

ముందు కొంచెం పాత సంగతి చెప్పుకోవాలి. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, తోరాను హీబ్రూలో చదువుతారు. సుమారు రెండు వేల ఏళ్ల క్రితమే మామూలు జనం అరమాయిక్ మాట్లాడేవాళ్లు, వాళ్లకు హీబ్రూ అంతగా అర్థమయ్యేది కాదు. అందుకని చదివేవాడి పక్కన ఒక అనువాదకుడు నిలబడేవాడు. అతన్ని మెతుర్గెమాన్ అనేవారు. ఒక వచనం చదవగానే దాన్ని జనం భాషలో చెప్పాలి. ఎదురుగా రాతప్రతి పెట్టుకుని చెప్పకూడదు. అతని గొంతు చదివేవాడి గొంతు కంటే పెద్దగా వినిపించకూడదు. మరిచిపోతే చదివేవాడు అందించకూడదు. అతను చెప్పేది కూడా శాస్త్రంలో ఉన్నదేనని జనం అనుకుంటారేమోనన్న భయంతో పెట్టిన నియమాలివి. యెమెన్ యూదుల్లో ఈ అనువాద ఆచారం ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ నియమాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆపింది మరొకటి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో కొన్ని భాగాలను చదవవచ్చు గాని అనువదించరాదని ఉంది. రూబేను ఉదంతం వాటిలో ఒకటి. యాకోబు పెద్దకొడుకు రూబేను తండ్రి ఉపపత్ని బిల్హాతో పడుకున్నాడని ఆదికాండం 35వ అధ్యాయంలో ఒకే ఒక వచనం చెబుతుంది. తండ్రికి ఆ సంగతి తెలిసిందని కూడా చెబుతుంది. బిల్హా ఏమందో లేదు. ఆమె రాహేలు దాసి. రాహేలుకు పిల్లలు పుట్టకపోతే కనిపెట్టడానికి యాకోబుకు అప్పగించిన మనిషి. దాను, నఫ్తాలి అనే ఇద్దరిని కన్నది. ఈ వచనాన్ని హీబ్రూలో చదివి ఊరుకోవాలి, జనానికి అర్థమయ్యే భాషలో చెప్పకూడదు. కాబూల్ అనే ఊళ్లో ఈ భాగం చదువుతుంటే ఒక రబ్బీ అనువాదకుణ్ణి ఆపి, వచనం చివరి ముక్క మాత్రం చెప్పమన్నాడనీ, పండితులు అతన్ని మెచ్చుకున్నారనీ తాల్మూద్‌లో రాసి ఉంది. కాపాడింది ఎవరి పరువు? రూబేనుది, అతని తండ్రిది. అసలు రూబేను తండ్రి మంచం జరిపాడే తప్ప పాపం చేయలేదని వాదించిన పండితులూ ఉన్నారు. అంత శ్రద్ధ బిల్హా మీద పెట్టినవాళ్లు నాకు కనబడలేదు.

కాబట్టి అనువాదకుడిది సేవకుడి స్థానంలా కనిపించినా, ఏది జనానికి చేరుతుంది, ఏది చేరదు అన్నది అతని నోటి దగ్గరే తేలుతుంది. అతన్ని ఆపగలిగినవాడి చేతిలో అంతకంటే పెద్ద అధికారం ఉంది. నేను నాయకత్వం అంటున్నది దీన్నే.

స్త్రీల విషయానికొస్తే తాల్మూద్ చాలా నిజాయితీగా ఒక మాట చెబుతుంది. తోరా చదవడానికి పిలిచే ఏడుగురిలో స్త్రీని కూడా లెక్కించవచ్చు, కాని సభ మర్యాద దృష్ట్యా స్త్రీ చదవకూడదని పండితులు అన్నారట. అంటే శాస్త్రం అడ్డు రాలేదు, సభకు నామోషీ అయింది! ఆ నామోషీ తీరడానికి చాలా కాలం పట్టింది. జర్మనీలో రెజీనా యోనాస్ 1935లో రబ్బీ అయింది, ఆమెను 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. అమెరికాలో రిఫార్మ్ శాఖ 1972లో శాలీ ప్రీసాండ్‌కు రబ్బీ పట్టా ఇచ్చింది. కన్సర్వేటివ్ శాఖ 1985 దాకా ఆగి ఏమీ ఐల్‌బర్గ్‌కు ఇచ్చింది.

ఈ నేపథ్యంలో 1999లో న్యూయార్క్‌లో స్టోరాటెల్లింగ్ అనే సంస్థ మొదలైంది. కథ, తోరా అన్న రెండు మాటలను కలిపి పెట్టిన పేరు. తమది యూదు ఆరాధనా నాటకం అని చెప్పుకున్నారు. స్థాపకుడు అమిఖాయ్ లావ్-లావీ ఇజ్రాయెల్‌లో పుట్టినవారు. 38 తరాలుగా రబ్బీల వంశం. చిన్నాన్న ఇజ్రాయెల్ మేయిర్ లావ్ 1993 నుంచి 2003 వరకూ ఆ దేశపు ప్రధాన రబ్బీల్లో ఒకరు. (38 తరాలు అంటే 38 మంది తల్లులు కూడా. వాళ్లను ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు.) పాతకాలపు మెతుర్గెమాన్‌ను ఆయన తిరిగి లేపారు. ఒకరు హీబ్రూలో చదువుతారు. మరొకరు ఇంగ్లీషులో పాత్రలతో, పాటతో దాన్ని చెబుతూ మధ్యలో జనాన్ని ప్రశ్న అడుగుతారు, వాళ్ల జవాబు కూడా కథలో భాగమవుతుంది. ఈ పని చేసేవాళ్లకు శిక్షణ ఇచ్చారు, అందులో స్త్రీలు ఎందరో ఉన్నారు. సభ మర్యాద పేరుతో ఆపిన గొంతు నాటకం దారిన లోపలికి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. చట్టం మార్చకుండా, పండితుల అనుమతి అడగకుండా, ‘మేము నాటకం వేస్తున్నాం’ అని చెప్పి తలుపు తెరిచారు.

ఆయన బాగా పేరు తెచ్చుకున్నది మాత్రం ఒక ఆడవేషంతో. రెబెట్సిన్ హదస్సా గ్రాస్ అనే హంగేరియన్ ముసలావిడ, ఆరుగురు రబ్బీలకు విధవ. రెబెట్సిన్ అంటే రబ్బీ భార్య. స్త్రీ రబ్బీ కాలేని శతాబ్దాల్లో ఆమెకు మిగిలిన ఒకే ఒక పలుకుబడి ఉన్న స్థానం అది. దాన్ని ఒక మగవాడు, స్వలింగ ప్రేమికుడిగా తానూ అంచున నిలబడ్డవాడు, వేషంగా కట్టడంలో గట్టి విమర్శ ఉంది. దాన్ని నేను కాదనను. అయితే వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసి మురిసిపోయిన మనకు ఇంకో ప్రశ్న కూడా రావాలి. కూచిపూడిలో మగవాడు భామ అయినంతకాలం ఆ ఇళ్లలోని ఆడపిల్లలు గజ్జె కట్టలేదు. వేషం ఎంత అందంగా ఉన్నా, ఆ వేషం తీసి పక్కన పెట్టగలిగే హక్కు ఎవరికుందో చూడాలి.

స్టోరాటెల్లింగ్ నుంచి 2010ల మొదట్లో ల్యాబ్/షూల్ పుట్టింది. ప్రయోగశాల, ప్రార్థనా మందిరం రెండూ తానే అన్నది ఆ పేరులోని భావం. దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా రావచ్చన్నారు. లావ్-లావీతో పాటు దీన్ని నిలబెట్టినవాళ్లలో నయోమి లెస్, షీరా క్లైన్ పాట, ప్రార్థనల బాధ్యత మోశారు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా సారా సోకోలిక్ పనిచేశారు. లావ్-లావీ 2016లో రబ్బీ పట్టా తీసుకున్నారు, ఐల్‌బర్గ్ చదివిన సెమినరీలోనే. 2017లో మతాంతర వివాహాలు జరిపిస్తానని ప్రకటించి, ఆ తర్వాత తన శాఖ రబ్బీల సంఘం నుంచి బయటికి వచ్చారు. ఆయన జీవితాన్ని 21 ఏళ్లపాటు చిత్రీకరించిన ‘సబ్బత్ క్వీన్’ అనే డాక్యుమెంటరీ 2024లో వచ్చింది. ఆయనలో నాకు గౌరవం కలిగించే విషయాలు చాలా ఉన్నాయి. అయినా ఒక సమాజశాస్త్ర విద్యార్థిగా గమనించక తప్పదు: 21 ఏళ్లు ఒక కెమెరా స్థాపకుడి వెంట నడిచింది. జీతాల తేదీకి డబ్బు సర్దేవాళ్ల వెంట, హాలు అద్దెకు బేరమాడేవాళ్ల వెంట ఏ సంస్థలోనూ కెమెరా నడవదు. ఆయన ఆత్మ, ఆమె అకౌంట్లు అన్న పని విభజన మనకు కొత్తదా?

నేను పరిశోధన కోసం దగ్గరగా చూసిన మన వైపు సంస్థ ఒకటుంది, పేరు అవసరం లేదు. ఊరూరా తిరిగి పాడిన ఆడవాళ్లు పదేళ్ల తర్వాత కూడా గౌరవ వేతనం మీదే ఉన్నారు. పాటల పుస్తకం అట్ట మీద డైరెక్టరుగారి పేరు ఉంది. పాటల్లో పెద్దకులం దొరను తిట్టే రెండు చరణాలు పుస్తకంలోకి రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ‘ఫండింగ్ వాళ్లు చూస్తారు గదమ్మా’ అన్నారు. అంటే మనకూ చదవవచ్చు, అనువదించరాదు అనే జాబితా ఒకటుంది. అది ఎక్కడా రాసి ఉండదు, అంతే తేడా.

ఇక్కడ అమెరికా చట్టం గురించి ఒక మాట. ప్రతి మార్చిలో ఫైళ్లతో కుస్తీ పట్టే మీకు ఆసక్తిగా ఉంటుంది. అక్కడ లాభాపేక్ష లేని కళాసంస్థ 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందుతుంది. బదులుగా ఏటా ఫారం 990 వరసలో ఒక పత్రం దాఖలు చేయాలి. కాస్త పెద్ద సంస్థలైతే బోర్డు సభ్యులెవరు, ముఖ్య అధికారులకు జీతం ఎంత అన్నది అందులో ఉంటుంది. అడిగిన ఎవరైనా దాన్ని చూడవచ్చు. చర్చికో సినగాగ్‌కో ఆ బాధ్యత లేదు. మరి ప్రార్థనా మందిరమూ నాటకశాలా తానే అయిన సంస్థ ఏ గుమ్మంలో నిలబడాలి? గుడి అంటే కాగితం పెట్టనక్కర్లేదు, కళాసంస్థ అంటే పెట్టాలి. ఆ కాగితం స్త్రీలకు ముఖ్యం. డైరెక్టరుకు ఎంత, ఆర్టిస్టుకు ఎంత అని సంస్థలో పనిచేసే అమ్మాయి నోరు తెరిచి అడగనక్కర్లేకుండా తెలిసే దారి అది. పవిత్రత పేరుతో లెక్కలు మూసేసే హక్కు ఏ మతసంస్థకూ ఉండకూడదని నా అభిప్రాయం, మన ట్రస్టులతో సహా.

మూసేస్తే ఏమవుతుందో అక్కడి స్త్రీలు చూశారు. ష్లోమో కార్లెబాఖ్ పాడే రబ్బీ. ఆయన బాణీలు ఈనాటికీ లెక్కలేనన్ని సినగాగ్‌లలో పాడతారు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీ యువత కోసం ఒక ప్రార్థనా గృహం మొదలైంది ఆయన చుట్టూనే. ఆడా మగా కలిసి పాడవచ్చన్నారు, స్త్రీలను ఆదరించారని పేరు. ఆయన 1994లో చనిపోయారు. 1998లో యూదు స్త్రీవాద పత్రిక ‘లిలిత్’, ఆయన తమను లైంగికంగా వేధించారని చెప్పిన స్త్రీల కథనాలను ప్రచురించింది. కొందరు ఆ సమయంలో చిన్నపిల్లలు. ఎదురుగా నిలబడి జవాబు చెప్పడానికి ఆయన లేరు, అడగడానికి ఆ స్త్రీలకు అంతకు ముందు చోటు లేదు. పాట, ప్రార్థన, ఆలింగనం, ఆశీర్వాదం అన్నీ ఒకే మనిషి చేతుల మీదుగా జరిగే చోట ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? ఇది ఒక మనిషి స్వభావం గురించిన ప్రశ్న మాత్రమే కాదు. కళాకారుడికి ఇచ్చే స్వేచ్ఛా, గురువుకు ఇచ్చే భక్తీ రెండూ కలిసి ఒకే చోట పోగుపడితే ఎవరి విషయంలోనైనా వచ్చే ప్రమాదం. స్త్రీ నాయకురాలైతే ఇది రాదని నేను అనుకోను.

వేరే పద్ధతులు లేకపోలేదు. 1978లో లాస్ ఏంజెలిస్‌లో కోరీ ఫిషర్, ఆల్బర్ట్ గ్రీన్‌బర్గ్, నయోమి న్యూమన్ కలిసి ‘ఎ ట్రావెలింగ్ జ్యూయిష్ థియేటర్’ పెట్టారు. ముగ్గురూ రాసేవాళ్లు, ముగ్గురూ ఆడేవాళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కోకు మారి 2012 దాకా నిలిచింది. స్త్రీల కోసం 2006లో జిల్ హామర్, తాయా షేర్ మొదలుపెట్టిన కొహెనెత్ అనే సంస్థ హీబ్రూ పూజారిణులుగా స్త్రీలకు శిక్షణ ఇచ్చింది, 2023లో ముగిసింది. మూతపడటాన్ని మనం ఓటమిగా లెక్కపెడతాం. పని అయిందనో, ఇక మోయలేమనో చెప్పి ముగించగలగడం కూడా నాయకత్వంలో భాగమే. మన దగ్గర బోర్డులో స్థాపకుడి తర్వాత స్థాపకుడి కొడుకే వస్తున్న సంస్థలు చూస్తుంటే నాకు ఆ ముగింపు మీద గౌరవం పెరిగింది.

అన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించేది మాత్రం రచయిత్రి ఎస్తేర్ బ్రోనర్, ఆమె స్నేహితురాళ్లు 1970ల మధ్యలో మొదలుపెట్టిన స్త్రీవాద సేదర్. సేదర్ అంటే పస్కా పండుగ రాత్రి బల్ల చుట్టూ కూర్చుని ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలైన కథ చెప్పుకునే తంతు. ఇంట్లో ఆడవాళ్లు వారం రోజులు తోమి, వండి, వడ్డిస్తే మగవాళ్లు కూర్చుని స్వేచ్ఛ గురించి చదివేవారు. బ్రోనర్, నయోమి నిమ్రోద్ ఆ తంతుకు స్త్రీల పాఠం రాశారు. న్యూయార్క్‌లో ఏటా స్త్రీలు కలిసేవారు. లెటీ కాటిన్ పోగ్రెబిన్, గ్లోరియా స్టైనెమ్, బెల్లా ఆబ్జగ్ వచ్చేవారు. ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, ఫలానా ఆమె కూతురిని, ఫలానా ఆమె మనవరాలిని అని తల్లుల వరస చెప్పుకునేవారు. డైరెక్టరు లేదు, భవనం లేదు. అలాంటివి నిలవవని అంటారు గాని అది దశాబ్దాలు నడిచింది. పిలుపు లేకుండా చేరడం కుదరదు కాబట్టి దాన్ని పూర్తి ప్రజాస్వామ్యం అని నేను అనను. ప్రసిద్ధులైన చదువుకున్న స్త్రీల బల్ల అది. బిల్హాలాంటి దాసి మనవరాలు ఆ బల్ల దగ్గర ఉందా, వంటింట్లో ఉందా అని అక్కడా అడగాలి.

డైరెక్టరు కుర్చీలో స్త్రీ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో మనం ఆగిపోతున్నాం. ఈసారి మీ సంస్థ నియమావళి తీసి మూడు సంగతులు చూడండి: పాటలోంచి ఒక చరణం తీసేసే నిర్ణయం ఎవరు చేస్తారు, దాన్ని పాడే మనిషికి ఆ సమావేశంలో ఓటు ఉందా, స్థాపకుడి మీదో స్థాపకురాలి మీదో ఫిర్యాదు వస్తే దాన్ని తెరిచేది వాళ్లు కాని మనిషేనా.