ప్రొద్దుటూరు ‘ఏయూ’... పులివెందుల ‘యూ’!

కిందటి సెలవుల్లో ప్రొద్దుటూరులో మా అక్కవాళ్లింటికి వెళితే, మేనకోడలు మూల కూర్చుని ఏడుస్తోంది. తొమ్మిదో తరగతి. మూలకాల సంకేతాల పరీక్షలో ఇరవైకి ఆరొచ్చాయట.

‘‘నాకు సైన్సు రాదు మామా! ఇంటర్‌లో సీఈసీ తీసుకుంటా. సోడియం అంటారు, ఎన్‌ఏ అని రాయమంటారు. ఐరన్ అంటారు, ఎఫ్‌ఈ అంటారు. దేనికీ పొంతన లేదు!’’

పిల్ల బాధలో న్యాయముంది. రెండొందల ఏళ్ల కిందట స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ఈ అక్షరాల పద్ధతి పెట్టినప్పుడు లాటిన్ పేర్లు తీసుకున్నాడు. సోడియం ‘నేట్రియం’, ఇనుము ‘ఫెర్రం’. ఆ ముక్క చెప్పకుండా బట్టీ పట్టమంటే ఏడుపు రాదా మరి! మనమూ అలా పట్టినవాళ్లమే.

పుస్తకం మూయించి బంగారు అంగళ్ల వీధికి తీసుకెళ్లా. పసిడిపురి అని పేరున్న ఊళ్లో ఏయూ నేర్చుకోవడానికి పుస్తకమెందుకు? లాటిన్‌లో బంగారం ‘ఆరం’. గాజు లోపలున్న 916 ముద్ర చూపించా. వెయ్యి పాళ్లలో 916 ఏయూ. తక్కింది మామూలుగా రాగి, వెండి... అంటే సీయూ, ఏజీ. వెండి ‘అర్జెంటం’. సంస్కృతంలో ‘అర్జున’ అంటే తెల్లనిది. రెండు మాటలూ ఒక మూలంలోంచి పుట్టినవే. అర్జునుడి పేరెత్తేసరికి పిల్ల మొహం విచ్చుకుంది.

మర్నాడు జమ్మలమడుగు. ఇళ్లలో పరిచే నాపరాయి, సిమెంటుకు పోయే సున్నపురాయి, అన్నిట్లో ఉన్నది సీఏ, కాల్షియమే. ఉక్కు ఫ్యాక్టరీకి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేసిన ఊరి పేరు సున్నపురాళ్లపల్లె! ఇనుము తీసే కొలిమిలో మలినాలు విడగొట్టడానికి సున్నపురాయి వేస్తారు. ఆ ఊళ్లో సీఏ ఎప్పటినుంచో ఉంది. ఎఫ్‌ఈ సంగతి పెద్దలకే తెలియాలి.

అక్కడినుంచి పులివెందుల వైపు. దారిలో దొరికిన ముగ్గురాయి ముక్క చేతిలో పెట్టా. ‘‘అబ్బా, ఎంత బరువు!’’ అంది. అందులో ఉన్నది బీఏ, బేరియం. గ్రీకులో ‘బేరిస్’ అంటే బరువైనది. మన బరువుతో చుట్టరికం లేదనుకోండి, గుర్తుండటానికైతే పనికొస్తుంది.

ఆ పక్కనే తుమ్మలపల్లె. యురేనియం గని. సంకేతం ఒక్కటే అక్షరం, యూ. 1789లో జర్మనీ శాస్త్రవేత్త క్లాప్రోత్ కనిపెట్టి, అంతకు ఎనిమిదేళ్ల ముందు బయటపడిన యురేనస్ గ్రహం పేరు పెట్టాడు. ఇక్కడి రాయి సున్నపురాయి జాతి. యాసిడ్ పోస్తే రాయే తాగేస్తుంది. అందుకని బట్టల సోడా, వంట సోడా రకం లవణాలతో యురేనియం తీస్తారు.

‘‘ఎన్‌ఏ!’’ అని అరిచింది.

తీసేశాక మిగిలిన మడ్డి చెరువులో చేరుతుంది. ఆ ఊట మా బోర్లలోకి దిగుతోందని కె.కె.కొట్టాల రైతులు మొత్తుకున్నారు. సంస్థ కాదంది. ఈ సంగతి చెప్పాక పిల్ల కాసేపు మాట్లాడలేదు.

‘‘నీళ్లలో యూ ఉంటే రుచి తెలుస్తుందా మామా?’’

‘‘తెలియదమ్మా. ల్యాబులో పరీక్ష చేయాల్సిందే.’’

‘‘అది చేయాలంటే ఏం చదవాల?’’

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అన్నాను. పది తర్వాత ఎన్నేళ్లో వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. ఏడు.