టికెట్ లేని కచేరీ, కూలి లేని డప్పు

పోయిన భాగం చివర పాఠ్యపుస్తకాల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే ఆదివారానికి జరుపుతున్నాను, కోప్పడకండి. మధ్యలో ఒక వాయిస్ మెసేజ్ వచ్చి అడ్డం కూర్చుంది.

పంపింది నా పాత విద్యార్థి. డిగ్రీలో తెలుగు నా దగ్గరే చదివాడు. ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్ దగ్గర ఎంఎస్ చేస్తున్నాడు. ఒక ఆదివారం ఏమీ తోచక ఆర్ట్ మ్యూజియం చూడ్డానికి వెళ్ళాడట. లోపల ఒకచోట కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకాయన ఒక్కడే గిటార్ పట్టుకుని కూర్చున్నాడు. క్లాసికల్ గిటార్. పక్క వాద్యం లేదు, పాట లేదు.

వాడి మాటల్లోనే చెప్తాను. “సార్, టికెట్ లేదంట. నేను నమ్మలేదు. ఒక స్తంభం పక్కన పది నిమిషాలు నిలబడ్డాను. ఎవరన్నా వచ్చి నువ్వెవరు, ఇక్కడ నీకేం పని అంటారేమోనని. ఒక ముసలావిడ పక్క కుర్చీలో పెట్టుకున్న బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని, కూర్చోమని చెయ్యి చూపించింది. అప్పుడు కూర్చున్నా.” కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మళ్ళీ వాడి గొంతు. “సార్, మన పల్లెలో డప్పు కూడా ఫ్రీయే కదా. మరి అది ఫ్రీ అంటే ఒళ్ళు మండుద్ది, ఇది ఫ్రీ అంటే ఇంత బాగుంది. ఎందుకు సార్?”

డాక్టరేట్ చేసిన నాకు రెండు రోజుల దాకా జవాబు దొరకలేదు. ఇది జవాబు కూడా కాదు, జవాబు వెతుక్కోవడం.

ముందు అక్కడి లెక్క చూద్దాం. వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ అని పెద్ద మ్యూజియం ఉంది. 1941లో తెరిచారు. లోపలికి వెళ్ళడానికి డబ్బులు తీసుకోరు. 1942 నుంచి అక్కడ ఉచిత కచేరీలు జరుగుతున్నాయి. యుద్ధం నడుస్తున్న రోజుల్లో మొదలుపెట్టారు, యుద్ధం అయిపోయినా ఆపలేదు. పియానో, వయొలిన్, గిటార్ అన్నీ వినిపిస్తారు. అక్కడే కాదు, అమెరికాలో చాలా ఊళ్ళల్లో మ్యూజియంలు, గిటార్ సంఘాలు కలిసి ఇలాంటివి పెడుతుంటాయి. వినడానికి వచ్చినవాడి దగ్గర పైసా తీసుకోరు. అలాగని వాయించినవాడిని ఉత్తచేతులతో పంపరు. అతని పారితోషికం ఎప్పుడో ఎవరో ఇచ్చిన నిధి మీద వచ్చే రాబడి నుంచో, చందాల నుంచో వస్తుంది. అంటే ఆ ఉచితానికి ఒక ధర ఉంది. దాన్ని చెల్లించేవాడు ఉన్నాడు. కాకపోతే ఆ చెల్లించేవాడు వాయించినవాడు కాదు.

ఆ నిధి ఎక్కడిది అని మీలో ఎర్రజెండా పట్టుకున్న మిత్రులు అడుగుతారు. అడగాలి కూడా. నేషనల్ గ్యాలరీకి మూలధనం, మొదటి బొమ్మలు ఇచ్చినవాడు ఆండ్రూ మెలన్. బ్యాంకరు, అల్యూమినియం, చమురు కంపెనీల్లో పెట్టుబడిదారు, పదేళ్ళకు పైగా అమెరికా ఆర్థిక మంత్రి. 1930, 31లో సోవియట్ ప్రభుత్వం డబ్బుకోసం హెర్మిటేజ్ మ్యూజియం చిత్రాలు గుట్టుగా అమ్ముకుంటే 21 కొన్నది కూడా ఆయనే. (విప్లవం అమ్మింది, బ్యాంకు కొన్నది. ఈ ముక్క మీద విడిగా ఒక భాగం రాయొచ్చు.) కాబట్టి ఆ కుర్చీ కింద పిట్స్‌బర్గ్ కూలీల చెమట ఉంది. నేను కాదనను. కానీ ఆ డబ్బు చివరికి ఒక గిటార్ కళాకారుడి చేతికి చెక్కుగా వచ్చింది, మా వాడికి కుర్చీగా వచ్చింది. మన దగ్గర భూములు, గుళ్ళు, సినిమాలు, కాంట్రాక్టులు తిన్న డబ్బు ఎవరికి ఏ రూపంలో తిరిగి వచ్చిందో చెప్పండి, వింటాను.

ఇప్పుడు డప్పు దగ్గరికి.

మా తాత డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు చచ్చినా కబురు మొదట మా పల్లెకే వచ్చేది. అన్నం ముందు కూర్చున్నా లేవాలి, జ్వరంగా ఉన్నా లేవాలి. డప్పు మంట దగ్గర కాచుకుని, సిర్రా సిటికెన పుల్లా పట్టుకుని, శవం ముందు ఊరి బయట దాకా కొట్టుకుంటూ వెళ్ళాలి. జాతరకి కొట్టాలి, ఊరేగింపుకి కొట్టాలి, పంచాయతీ కబురుకి చాటింపు వెయ్యాలి. కొట్టినందుకు ఏమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. కళ్ళం దగ్గర మేర కింద కొన్ని గింజలు. చావింట్లో కాస్త సారా, ఒకోసారి పాత పంచె. ఇదంతా చూసి కొందరు పెద్దమనుషులు ‘గ్రామాల్లో పరస్పర ఆధారిత జీవనం’ అని వ్యాసాలు రాస్తారు. అలాంటి వ్యాసాలు నేను పీహెచ్‌డీ కోసం కట్టలు కట్టలు చదివాను.

వెట్టి అంటే ఏమీ ఇవ్వకపోవడం కాదు మిత్రులారా. ఇంత కావాలని అడిగే హక్కు లేకపోవడం. ఈ రోజు రాను అని చెప్పే హక్కు లేకపోవడం. చావుకి డప్పు కొట్టం అన్నందుకు కొట్టంతా నీళ్ళు బంద్, పనులు బంద్, కిరాణా బంద్ అయిన పల్లెలు మన దగ్గర తక్కువేం లేవు. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1976లో దాని మీద చట్టం కూడా వచ్చింది. మా తాతకి ఆ రెండూ తెలీదు. తెలిసినా, తెల్లారి నీళ్ళ కోసం వెళ్ళాల్సింది ఆ ఊరి చెరువుకే.

మా వాడి ప్రశ్నలో ముడి ఇక్కడ ఉంది. మ్యూజియంలో ఉచితం విన్నవాడికి. ఊళ్ళో ఉచితం కొట్టించుకున్నవాడికి. మొదటి దాంట్లో తలుపు తీశారు. రెండో దాంట్లో మనిషినే తీసేసుకున్నారు. ఒకే మాట రెండింటికీ వాడుతున్నాం గనక వాడికి తికమక.

అయితే తలుపు తీస్తే చాలా? స్తంభం పక్కన ఆ పది నిమిషాల సంగతేమిటి?

మహద్ గుర్తు తెచ్చుకోండి. 1923లోనే బొంబాయి శాసనమండలి ప్రజల నీటివనరులు అంటరానివాళ్ళకి తెరవాలని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ తన చెరువు కూడా తెరిచామంది. కాగితం మీద చవదార్ చెరువు అందరిదీ, ఉచితం. కానీ ఒక్కరూ అక్కడి నీళ్ళు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి తాగితే తప్ప ఆ ఉచితం ఉచితం కాలేదు. తాగినందుకు దెబ్బలు తినాల్సి వచ్చింది కూడా. మన రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగంలో దుకాణాలు, హోటళ్ళతో పాటు ప్రజా వినోద స్థలాల ప్రస్తావన ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమవుతుందా? సంగీతం వినే చోటు కూడా చెరువు లాంటిదే.

వాషింగ్టన్‌కి కూడా తన మహద్ ఉంది. 1939లో మేరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి గాయనికి కాన్‌స్టిట్యూషన్ హాల్‌లో పాడేందుకు అనుమతి ఇవ్వలేదు. ఆ హాలు ‘అమెరికా విప్లవ పుత్రికలు’ అనే సంఘానిది. పేరులో విప్లవం, హాలులో వర్ణం. ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేసింది. చివరికి ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం, లింకన్ స్మారకం మెట్ల మీద ఆండర్సన్ పాడింది. దాదాపు 75,000 మంది విన్నారు. టికెట్ లేదు. ఆ ఉచిత కచేరీ ఎవరి దయా కాదు, ఒక తిరస్కారానికి జవాబు. ఇంకో సంగతి. ఆండర్సన్‌ని రానివ్వని ఆ హాలూ, మూడేళ్ళ తర్వాత ఉచిత కచేరీలు మొదలుపెట్టిన నేషనల్ గ్యాలరీ భవనమూ గీసింది ఒకే వాస్తుశిల్పి, జాన్ రసెల్ పోప్. స్తంభాలు ఒకలాగే ఉంటాయి. లోపలికి ఎవరు రావచ్చో స్తంభాలు చెప్పవు.

ఇక గిటార్ సంగతి. ‘క్లాసికల్’ అనే మాట వినగానే మనవాళ్ళు కొందరు ముడుచుకుపోతారు, కొందరు చిరాకుపడతారు. రెండూ వద్దు. గిటార్ పుట్టు బ్రాహ్మణమేమీ కాదు. స్పెయిన్‌లో అది సారా దుకాణాల్లో, మంగలి షాపుల్లో, జిప్సీల ఫ్లమెంకో ఆటపాటల్లో పెరిగింది. ఆ జిప్సీల పూర్వీకులు మన ఉపఖండం నుంచి పోయినవాళ్ళేనని వాళ్ళ భాష సాక్ష్యం చెప్తుంది. 1893లో పుట్టిన ఆంద్రేస్ సెగోవియా ఆ వాద్యాన్ని యూరప్, అమెరికా కచేరీ వేదికలు ఎక్కించాడు. మహా విద్వాంసుడు, సందేహం లేదు. కానీ జానపద వినోదాల గోల నుంచి గిటార్‌ని విడిపించడమే తన ఆశయమని గర్వంగా చెప్పుకున్నాడు. ఈ మాట మనకి ఎక్కడో విన్నట్టు లేదూ? కలావంతుల నుంచి ఆట తీసుకుని, శుద్ధి చేసి, కలావంతుల్ని గడప బయట నిలబెట్టిన చరిత్ర మనకీ ఉంది.

మా వాడు ఆ రోజు విన్న వాటిలో ‘అస్తూరియాస్’ ఉందట. అల్బేనిస్ దాన్ని రాసింది గిటార్‌కి కాదు, పియానోకి. పియానో మీద అండలూసియా జిప్సీ గిటార్ మోతని అనుకరిస్తూ రాశాడు. తర్వాత దాన్ని గిటార్‌కి మార్చారు. అంటే జిప్సీ వాయించినంతకాలం అది గోల. పెద్దింటి పియానో దాకా పోయి తిరిగొచ్చేసరికి క్లాసికల్.

కానీ ఈ కథలో నాకు ఇష్టమైన మనిషి వేరే ఉన్నాడు. జస్టిన్ హాలండ్. 1819లో వర్జీనియాలో స్వేచ్ఛ ఉన్న నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చుట్టూ బానిసత్వం. పద్నాలుగేళ్ళకే ఊరు వదిలి బోస్టన్ వైపు వెళ్ళిపోయాడు. గిటార్ మీద మనసుపడ్డాడు. మంచి పుస్తకాలన్నీ స్పానిష్‌లో ఉన్నాయని ఆ భాష నేర్చుకున్నాడు, మెక్సికో కూడా వెళ్ళాడు. నల్లవాళ్ళని చేర్చుకునే ఓబర్లిన్ కాలేజీలో చదివాడు. 1845లో క్లీవ్‌లాండ్‌లో స్థిరపడి తెల్లజాతి శిష్యులకి గిటార్ నేర్పుతూ బతికాడు. ఇంకోపక్క నల్లజాతి మహాసభల్లో, బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో పనిచేశాడు. 1874లో ఆయన రాసిన గిటార్ బోధిని వచ్చింది. లెక్కేసుకోండి, సెగోవియా పుట్టడానికి 19 ఏళ్ళ ముందు. స్పానిష్ నేర్చుకోవడం ఆయనకి సోకు కాదు. ఆ విద్య తాళం ఆ భాషలో ఉంది, అంతే. ఇంగ్లీషు ఎందుకు, మన భాష చాలదా అని మన పిల్లలకి సలహాలిచ్చే కవులకి ఈ మనిషిని పరిచయం చెయ్యాలనిపిస్తుంది.

అందుకే ‘క్లాసికల్ మనకెందుకు సార్’ అనే విద్యార్థి నాయకులతో నాకు పేచీ. బాబాసాహెబ్ వయసు మీదపడ్డాక వయొలిన్ నేర్చుకున్నారు. ఆయనకి తీరిక ఎక్కువై కాదు కదా. మనకి రానివ్వని ప్రతిదీ మనకి అక్కర్లేనిదని తీర్మానించుకుంటే కాపలావాడికి పని తగ్గుతుంది. నాకు మా పిల్లలు మృదంగమూ వినాలి, గిటార్ వినాలి, విని బాగాలేదని చెప్పే ధీమా కూడా రావాలి. మృదంగం అన్నాను కాబట్టి ఒక మాట. ఆవు, మేక, గేదె తోళ్ళతో దాన్ని తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకం తెచ్చారు. ఆవిష్కరణకి హాలు ఇస్తామన్న కళాక్షేత్ర తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. తోలు లోపలికి వెళ్ళొచ్చు, తోలు కథ వెళ్ళకూడదు.

మన వాద్యాల సంగతి చూస్తే ఇంకా కడుపు మండుతుంది. దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. డక్కలి కులపు విద్య. సినిమాలో ఆయన గొంతు విని రాష్ట్రాలన్నీ ఊగాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్నారని పత్రికలు రాశాయి. పతకం ఉంది, ఫోటో ఉంది. నెలకి ఒక కచేరీ, దానికి ఒక చెక్కు, ఈ రెండూ లేవు. మన దగ్గర జానపద వాద్యాన్ని గౌరవించడమంటే అద్దాల పెట్టెలో పెట్టి చీటీ అంటించడం. లేదంటే మంత్రిగారు కారు దిగేటప్పుడు గేటు దగ్గర పదిమంది డప్పు కళాకారుల్ని ఎండలో నిలబెట్టడం. అది చావు డప్పుకి కొత్త పేరు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ మ్యూజియంలు ఉన్నాయి, యూనివర్సిటీల్లో ఏడాదిలో సగం రోజులు తాళం వేసి ఉండే ఆడిటోరియంలు ఉన్నాయి. వారానికి ఒక సాయంత్రం కిన్నెర, డప్పు, జమిడిక. ఇంకో వారం వీణ, గిటార్, ఏదైనా సరే. వినేవాడికి టికెట్ వద్దు. వాయించేవాడికి ముందే చెప్పిన మొత్తం, బ్యాంకు ఖాతాలో. కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. రాను అంటే రానట్టే, దానికి ఎవరూ మొహం మాడ్చుకోకూడదు.

ఉచితంగా పెడితే విలువ ఉండదని ఒక సీనియర్ అధ్యాపకుడు నాతో వాదించాడు. ఆయన పిల్లల చదువంతా ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఎంత ఫీజుతో సాగిందో నాకు తెలుసు. స్టాఫ్ రూములో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను.

మేం ఎవరి కోసమూ ఆగట్లేదు. వచ్చే నెల మా కాలేజీ సెమినార్ హాల్లో ఇద్దరు డప్పు కళాకారులు వాయిస్తారు. ఒకాయనకి డెబ్భై దాటాయి. ఫోన్లో పిలిస్తే మొదట అడిగిన మాట, “ఎవరు పోయారయ్యా?” ఎవరూ పోలేదు తాతా, నీ దరువు వినాలని పిల్లలు పిలుస్తున్నారు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎంత ఇస్తారని అడిగాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినందుకు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయలేను. మొత్తం చెప్పాను. బేరం ఆడాడు. ఇంకో వెయ్యి పెంచాం.