బొటనవేలు అడిగినవాడికి బిరుదు, ఇచ్చినవాడికి బోర్డు

ఏటా జాతీయ క్రీడా పురస్కారాల జాబితా వచ్చినప్పుడు రెండు పేర్లు తప్పకుండా వింటాం. గొప్పగా ఆడిన క్రీడాకారులకు అర్జున అవార్డు, వాళ్లను తీర్చిదిద్దిన కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు. మొదటిది 1961లో, రెండోది 1985లో మొదలయ్యాయి. అదే కథలోని మూడో మనిషి పేరును ప్రభుత్వం ఇంకోచోట వాడుకుంది. 1997-98లో మొదలుపెట్టిన ఆదివాసీ గురుకులాలకు ఏకలవ్య మోడల్ రెసిడెన్షియల్ స్కూళ్లని పేరు పెట్టింది. వేలు అడిగినవాడి పేరు ఉత్తమ గురువుకు బిరుదు. వేలు ఇచ్చినవాడి పేరు ఆదివాసీ పిల్లల బడి బోర్డు మీద. ఈ పంపకం ఇన్నేళ్లుగా ఎవరికీ వింతగా అనిపించకపోవడమే మాకు వింతగా ఉంది.

ఆదిపర్వంలో అసలేముందో ఒకసారి చూద్దాం. ఏకలవ్యుడు నిషాద రాజు హిరణ్యధన్వుడి కొడుకు. మన దగ్గర ఎరుకలవారు ఆయన్ను తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. విలువిద్య నేర్పమని వస్తే నిషాదుడన్న కారణంతో ద్రోణుడు కాదన్నాడు. ఆ కుర్రాడు అడవికి వెళ్లి మట్టిబొమ్మ ముందు తనకు తానే నేర్చుకున్నాడు. మొరుగుతున్న కుక్క నోట్లోకి ఒకేసారి ఏడు బాణాలు వేసిన నేర్పు చూసి పాండవులు నివ్వెరపోయారు. నన్ను మించినవాడు ఉండడని మాటిచ్చారు కదా అని అర్జునుడు గురువును నిలదీశాడు. ఆ తర్వాతే ద్రోణుడు అడవికి వెళ్లి గురుదక్షిణగా కుడి బొటనవేలు అడిగాడు. వేలు తెగాక అర్జునుడి బెంగ తీరిందని కూడా కథ చెబుతుంది.

అంటే ఇతిహాసం ఏదీ దాచలేదు. ఎందుకు అడిగాడో, ఎవరి కోసం అడిగాడో చెప్పేసింది. దాచింది మన పాఠాలు. బడిలో ఈ కథ చెప్పి చివర గురుభక్తి అనే నీతి రాయించారు. చెప్పని చదువుకు ఫీజు ఎలా అడుగుతారని అడిగే పిల్లవాడికి ఆ పాఠంలో చోటులేదు. ఏకలవ్యుడిలో మెచ్చుకోవాల్సింది వేలు కోసుకోవడమా, గురువు లేకుండా విద్య సాధించడమా? మొదటిదాన్ని విలువగా నిలబెట్టారు కాబట్టే రెండోది మరుగున పడింది.

లక్క ఇంటి కథా ఇలాంటిదే. పాండవులు సొరంగంలోంచి తప్పించుకున్న రాత్రి ఆ ఇంట్లో కాలిపోయినవాళ్లలో ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు ఉన్నారు. వాళ్ల శవాలు చూసే పాండవులు చనిపోయారని లోకం నమ్మింది. ఆ తల్లికి కథలో పేరు కూడా లేదు. వీరులు ఎవరనేది ఎవరి చావుకు పేరుంటుందన్న దానితో ముడిపడి ఉంది.

ఈ ప్రశ్నలు కొత్తవి కావు. తపస్సు చేసినందుకు శంబూకుణ్ణి చంపిన ఘట్టాన్ని త్రిపురనేని రామస్వామి చౌదరి వందేళ్ల కిందటే నాటకంగా రాసి నిలదీశారు. 1936లో అంబేడ్కర్ కుల నిర్మూలనలో ఇంకో అడుగు వేశారు. శంబూక వధను రాముడి వ్యక్తిగత తప్పుగా చూడొద్దన్నారు. శిక్ష భయం లేకుండా చాతుర్వర్ణ్యం నిలవదని, ఆ వధ దానికి రుజువని చూపారు.

ఆ శిక్ష ఇవాళ వేరే రూపంలో ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌పై థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చూడండి. వైవాల్లో, ప్రాక్టికల్స్‌లో తమకు న్యాయం జరగలేదని చాలామంది దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పారు. 2016 జనవరిలో రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని రాశాడు. 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. అదే ఏడాది ఆ ఇద్దరి తల్లులు కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఇప్పుడు బొటనవేలు అక్కర్లేదు. ఆగిపోయిన ఫెలోషిప్, సంతకం పెట్టని గైడు, వైవాలో కోసిన మార్కులు చాలు.

ఏకలవ్యుడి పేరు పెట్టుకున్న బడులనే చూద్దాం. 2023 నుంచి టీచర్ల నియామకాన్ని కేంద్రం తన చేతిలోకి తీసుకుని హిందీ సామర్థ్యాన్ని తప్పనిసరి చేసింది. దాంతో తెలుగు రాని టీచర్లు తెలంగాణ బడులకు వచ్చారు. ఇంట్లో గోండి, కోయ మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష. ఆ తెలుగు కూడా రాని టీచరు ముందు ఆ పిల్ల మళ్లీ మట్టిబొమ్మ ముందు కూర్చున్నట్టే.

పేర్లు మార్చడం అసాధ్యం కాదు. 2021లో ఖేల్‌రత్న పేరును ధ్యాన్‌చంద్ పేరుగా మార్చారు. ఉత్తమ కోచ్ అవార్డుకు ద్రోణుడి పేరే ఎందుకుండాలని మనం అడగాలి. అయితే పేరు దగ్గరే ఆగిపోతే మళ్లీ బోర్డే మిగులుతుంది. ఫెలోషిప్ నెలనెలా అందాలి. వైవా మార్కులకు లెక్క చెప్పాలి. పిల్లల భాష తెలిసిన టీచర్లు రావాలి. రోహిత్ పేరుతో అడుగుతున్న చట్టం రావాలి. ఏకలవ్యుణ్ణి వీరుడిగా గౌరవించడమంటే ఇంకెవరి వేలూ తెగకుండా చూడటమే.