రాయిని కడిగే ముందు

విచిత్రమైన రాయి కంటబడితే చాలు, ఇంటికి తెచ్చి కొళాయి క్రింద పెట్టి తోమడం మనలో చాలామందికి అలవాటు. రాయికేమవుతుందిలే అన్న ధీమా! కానీ నీటికే కరిగే రాళ్ళున్నాయి. సైంధవలవణమూ రాయే కదా! ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను.

బేతంచర్ల, కొలిమిగుండ్ల ప్రాంతం నాపరాళ్ళకు, సున్నపురాళ్ళకు ప్రసిద్ధం. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజులలో అటువైపు నుండి వచ్చిన విద్యార్థి ఒకడు, గని ప్రక్కన పారబోసిన గుట్టలో ఏరిన స్ఫటికాల గుత్తిని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిండా ఎఱ్ఱమన్ను. పలుగురాయి అనుకొన్నాను. చింతపండుతో తోమిన ఇత్తడిచెంబు వలె మెరుస్తుందని రాత్రంతా వెనిగరులో నానవేశాను. తెల్లవారేసరికి మొనలు మొద్దువారి, ముఖాలు మసకబారి ఉన్నాయి. "కడగకముందే బాగుండె గదా సార్!" అన్నాడు వాడు. నా దగ్గర సమాధానం లేదు.

అది కాల్సైటు. సున్నపురాయి జాతి, ఆమ్లం తగిలితే బొగ్గుపులుసు వాయువును వెలువరిస్తూ కరిగిపోతుంది. పలుగురాయిని వెనిగరు ఏమీ చేయదు. మోస్ కాఠిన్యమానంలో దాని స్థానం 7, కాల్సైటుది 3. కనబడని మూలలో చాకుమొనతో ఒక్క గీత గీచినా, ఒక్క చుక్క వెనిగరు వేసి నురుగు చూచినా నాకు తెలిసిపోయేది.

కనుక నా అభిప్రాయమిది: రాయి ఏదో తెలియనిదే కడగరాదు. ముందుగా మెత్తని పొడికుంచెతో మన్ను దులపాలి. గూడూరు అభ్రకం వంటి వాటిని నానవేస్తే పొరల నడుమకు నీరు చేరుతుంది. మంగంపేట ముగ్గురాయి ఆమ్లానికి లొంగదు గాని, మెత్తనిది. ఇనుపకుంచెకు గీతలు పడుతుంది. పలుగురాయి మీది త్రుప్పుమరకకు ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. అది విషం, పైగా కాల్సైటుకు పనికిరాదు. స్ఫటికం అంటిపెట్టుకొని ఉన్న తల్లిరాతిని అందం కోసం పగులగొట్టడం అన్నిటికంటె పెద్ద తప్పు. ఆ స్ఫటికం ఎక్కడ, ఎట్లా పుట్టిందో చెప్పగలిగేది ఆ తల్లిరాయే.

తాళపత్రప్రతిని పరిష్కరించేటప్పుడు మాకు నేర్పిన మొదటి పాఠం, అర్థం కాని పదాన్ని తప్పని దిద్దవద్దని. నాకు తెలియకపోవడం వేరు, అది తప్పు కావడం వేరు. జీవితమంతా ఆ నియమాన్ని వల్లించిన నేనే, రాయి దగ్గరకు వచ్చేసరికి తెలియనిదంతా మురికి అనుకొన్నాను.

ఆ గుత్తిని వాడు తిరిగి తీసుకోలేదు. నేటికీ నా బల్లమీదే ఉంది. దొరికిన చోటు, తేదీ వాణ్ణి అడిగి, చీటీ మీద వ్రాసి దాని క్రింద ఉంచాను. మిత్రులారా, ఆ చీటీ కడగకముందే వ్రాయవలసినది.